బియ్యం కడిగిన నీళ్లతో పోయేదెంత?

"బియ్యాన్ని నాలుగైదుసార్లు కడిగితే విటమిన్లన్నీ నీళ్లలో కొట్టుకుపోతాయని చదివి నేను కడగడం మానేశాను. మా అత్తగారేమో నీళ్లు తేటపడేదాకా కడగనిదే ఎసట్లో పోయనివ్వరు. ఇద్దరిలో ఎవరి పద్ధతి సరైనది?" అన్నది మీ ప్రశ్న. పోషకాహార శాస్త్రం బోధిస్తూ, ప్రయోగశాలలో ధాన్యాలను పరీక్షిస్తూ పాతికేళ్లకు పైగా గడిపినవాడిని కనుక ఈ ప్రశ్న నాకు ఏటా ఎదురవుతూనే ఉంటుంది. ప్రశ్న చిన్నదే అయినా, దీనికి ఒక్కమాటలో జవాబు చెప్పినవారెవరూ పూర్తి జవాబు చెప్పినట్టు కాదు. మీరు చదివిన మాటలో నిజముంది. అయితే ఆ నిజం ఎంత పెద్దదన్నది మీ డబ్బాలో ఉన్నది ఏ రకం బియ్యమన్నదాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. ఒక రకం బియ్యంలో కడుగు వల్ల కలిగే నష్టం లెక్కలోకి రానంత స్వల్పం; మరో రకంలో అదే కడుగు, గింజకు పని పెట్టుకుని చేర్చిన పోషకాలను చాలావరకు ఊడ్చేస్తుంది.

ముందు గింజను చూద్దాం. వడ్లపై ఊక తీస్తే వచ్చేది ముడిబియ్యం. దాని ఒంటి చుట్టూ గోధుమరంగు తవుడు పొరలు, ఒక కొనన చిన్న మొలక ఉంటాయి. గింజలోని థయమిన్, నియాసిన్ వంటి బి-విటమిన్లు, ఇనుము, నూనె చాలావరకు ఆ తవుడులోనూ మొలకలోనూ ఉంటాయి. లోపలి తెల్లని భాగమంతా దాదాపుగా పిండిపదార్థం, దానితోపాటు కొంత ప్రోటీను. పాలిష్ పట్టిన బియ్యపు గింజ నొకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో చూడండి: ఒక కొన నున్నగా కాకుండా కొరికినట్టు చిన్న గాటుతో ఉంటుంది. మొలక ఊడిపోయిన చోటు అది. వంద గ్రాముల ముడిబియ్యంలో సుమారు 0.4 మిల్లీగ్రాముల థయమిన్ ఉంటే, అదే బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టాక మిగిలేది సుమారు 0.07 మిల్లీగ్రాములు. అంటే మీరు పళ్లెంలో బియ్యం పోసుకుని నీళ్లు పట్టకముందే, మిల్లులోనే, అయిదింట నాలుగు వంతులు పోయింది. కడగడం గురించి ఎంత మాట్లాడుకున్నా, ఈ పెద్ద నష్టాన్ని పక్కన పెట్టి మాట్లాడకూడదు.

ఇక కడిగినప్పుడు పోయేది ఏమిటి? పాలిష్ పట్టిన గింజ ఒంటిమీద పల్చని పొడి అంటుకుని ఉంటుంది. గింజలు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు రాలిన పిండి, మరలో పూర్తిగా విడిపోకుండా మిగిలిన తవుడు రేణువులు, ఆ తవుడులోని కాస్త నూనె కలిసిందే ఆ పొడి. థయమిన్, నియాసిన్ నీటిలో సులభంగా కరిగే విటమిన్లు. పైగా పాలిష్ బియ్యంలో మిగిలిన కొద్దిపాటి విటమిన్లలో మంచి భాగం ఆ పైపొరలోనే ఉంటుంది. అందుకే మొదటి కడుగులోనే వాటిలో చెప్పుకోదగ్గ వంతు జారిపోతుంది.

మొదటి సంవత్సరం విద్యార్థులతో నేను ఒక చిన్న ప్రయోగం చేయిస్తాను. వంద గ్రాముల తెల్లబియ్యాన్ని మూడుసార్లు కడిగి, మూడు కడుగులనూ మూడు గాజు గ్లాసుల్లో వరుసగా పెట్టమంటాను. మొదటిది పాలలా ఉంటుంది, రెండోది పల్చని మజ్జిగలా, మూడోది గ్లాసు వెనకాల వేలు పెడితే కనిపించేంత తేటగా ఉంటుంది. ఒక్కొక్కదానిలో ఒక చుక్క అయోడిన్ వేస్తే, మొదటి గ్లాసు సిరా ఒలికినట్టు ముదురు నీలంగా మారిపోతుంది. అది చూసి ప్రతి ఏడూ ఎవరో ఒకరు, "సార్, సారమంతా ఇందులోనే పోయింది కదా" అంటారు. అప్పుడు ఆ కడుగులన్నిటినీ ఓవెన్‌లో ఆవిరి చేయించి, అడుగున మిగిలిన పొడిని తూయిస్తాను. వంద గ్రాములకు అది సాధారణంగా ఒకటి నుంచి మూడు గ్రాముల మధ్య తూగుతుంది. అయోడిన్ చూపించే నీలిరంగు పిండిపదార్థం ఉన్నదని మాత్రమే చెబుతుంది. విటమిన్ గురించి అది ఏమీ చెప్పదు. అన్నం తినేవారికి పిండిపదార్థానికి లోటు రాదు. తెల్లని నీళ్లను చూసి బెంబేలెత్తనవసరం లేదని చెప్పడానికి నాకు ఈ ప్రయోగం కంటే మంచి సాధనం దొరకలేదు.

అయితే ఆ రెండు మూడు గ్రాములలో విటమిన్ల వాటా వాటి బరువుకు మించి ఉంటుంది. ఇది దాచకూడని విషయం. పాలిష్ పట్టిన బియ్యాన్ని కడిగినప్పుడు థయమిన్‌లో సుమారు 20 నుంచి 60 శాతం వరకు, నియాసిన్‌లో దాదాపు అంతే, రైబోఫ్లేవిన్‌లో 10 నుంచి 25 శాతం వరకు పోతుందని కొలతలు చెబుతున్నాయి. ప్రోటీనులో పోయేది ఏడు శాతానికి మించదు. ఇంత విస్తృతమైన తేడా రావడానికి కారణాలు బియ్యం ఎంత లోతుగా పాలిష్ పట్టారు, ఎన్ని నీళ్లతో ఎన్నిసార్లు కడిగారు, చేత్తో కలియబెట్టారా లేక గట్టిగా రుద్దారా అన్నవి.

శాతాలు వింటే భయమేస్తుంది కనుక వాటిని మిల్లీగ్రాములలోకి మార్చి చూడటం అవసరం. రోజుకు మూడు వందల గ్రాముల తెల్లబియ్యం వండుకు తినే మనిషికి ఆ బియ్యంలో ఉండే థయమిన్ మొత్తం 0.21 మిల్లీగ్రాములు. అందులో సగం కడుగులో పోయిందనుకుంటే నష్టం 0.1 మిల్లీగ్రాము. పెద్దవారికి రోజుకు కావలసింది 1.1 నుంచి 1.2 మిల్లీగ్రాములు. అంటే బియ్యం కడగడం వల్ల పోయేది రోజువారీ అవసరంలో పదో వంతు కన్నా తక్కువ. అన్నంతోపాటు పప్పో, గింజలో, గుడ్డో, మాంసమో, చేపో తినేవారికి ఆ లోటు అదే భోజనంలో పూడిపోతుంది. ఉన్నదే కొంచెం అయినప్పుడు అందులో సగం పోయినా పోయేది కొంచెమే.

ఈ లెక్క తారుమారయ్యేది పక్కన ఇంకేమీ లేకుండా దాదాపు తెల్లన్నం మీదనే బతికేవారి విషయంలో. చరిత్రలో దీనికి కన్నీళ్లు పెట్టించే ఉదాహరణ ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరలో ఆవిరి యంత్రాలతో నడిచే మిల్లులు వచ్చి, బాగా తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం వ్యాపించినకొద్దీ తూర్పు ఆసియా, ఆగ్నేయాసియా దేశాల్లో సైనికులు, ఖైదీలు, కూలీలు బెరిబెరి వ్యాధితో వేలకువేలుగా చనిపోయారు. కాళ్లు చచ్చుబడటం, గుండె నీరసించిపోవడం దాని లక్షణాలు. 1890 ప్రాంతంలో నేడు జకార్తాగా పిలుస్తున్న బతావియాలో పనిచేస్తున్న డచ్ వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, తన ప్రయోగశాల కోళ్లకు కూడా కాళ్లు పట్టు తప్పడం గమనించాడు. ఆ కోళ్లకు సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం పెడుతుండేవారు. తర్వాత వచ్చిన కొత్త వంటవాడు, సైన్యానికి చెందిన అన్నాన్ని సైన్యానికి చెందని కోళ్లకు పెట్టనన్నాడు. వాటికి మళ్లీ పాలిష్ పట్టని బియ్యం పడింది, కోళ్లు కోలుకున్నాయి. 1926లో యాన్సెన్, డోనాత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తవుడు నుంచి ఆ రక్షక పదార్థాన్ని స్ఫటికాలుగా వేరుచేశారు. అదే థయమిన్. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కథను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ ప్రాణాలు పోయింది ప్రధానంగా మిల్లు తీసేసినదాని వల్ల. కాని అంచున బతుకుతున్న శరీరానికి కడుగులో పోయే ఆ కాస్త కూడా బరువైనదే. తెల్లన్నం తప్ప వేరే ఆహారం అందని కుటుంబానికి నేను ఎన్నడూ "ఎంత కడిగినా ఫరవాలేదు" అని చెప్పను.

ఉప్పుడు బియ్యం సంగతి వేరు. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి తర్వాత మర పట్టిస్తారు కనుక, తవుడులోని నీటిలో కరిగే విటమిన్లు కొంత గింజ లోపలికి దిగుతాయి. పైని పిండిపదార్థం ఉడికి గట్టిపడి వాటిని లోపల పట్టి ఉంచుతుంది. అందువల్ల ఉప్పుడు బియ్యాన్ని కడిగినప్పుడు థయమిన్‌లో పోయేది సుమారు 7 నుంచి 15 శాతమే. మొదట ఉండటమూ తెల్లబియ్యం కంటే ఎక్కువే ఉంటుంది. బెరిబెరి విజృంభించిన కాలంలో ఉప్పుడు బియ్యం తినే జనం చాలావరకు తప్పించుకోవడానికి కారణం ఇదే. ముడిబియ్యం, దంపుడు బియ్యం కూడా నిశ్చింతగా కడుక్కోవచ్చు. తవుడు పొర గింజకు అంటిపెట్టుకుని ఉంటుంది గనుక పైపైన కడిగితే పోయేది తక్కువ.

నేను ఆగి చెప్పదలచుకున్నది బలవర్ధక బియ్యం గురించి, అంటే విటమిన్లు, ఇనుము బయటి నుంచి చేర్చిన బియ్యం గురించి. మీ ప్రశ్నకు అసలైన జవాబు ఇక్కడే ఉంది. ఇలా చేర్చడానికి వేర్వేరు పద్ధతులున్నాయి. మొదటిది, పోషకాల పొడిని బియ్యం మీద చల్లడం. ఆ పొడి గింజ ఒంటికి అంటుకుని ఉంటుందంతే. నీళ్లు తగలగానే విడిపోతుంది. అమెరికాలో అమ్మే తెల్లబియ్యం సంచుల మీద "వండే ముందు కడగవద్దు" అన్న సూచన కనిపించడానికి కారణం ఇదే. ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు జరిపిన ఒక పరీక్షలో, ఇలా బలపరచిన బియ్యాన్ని కడిగినప్పుడు చేర్చిన ఇనుము, ఫోలేట్, థయమిన్, నియాసిన్ కొట్టుకుపోవడం స్పష్టంగా కనిపించింది. రెండో పద్ధతిలో పోషకాలను నీటికి కరగని పూతతో గింజకు పట్టిస్తారు. మూడోది, బియ్యప్పిండిలో పోషకాలు కలిపి ముద్దచేసి, యంత్రంతో మళ్లీ బియ్యపు గింజ ఆకారంలో వత్తి, వాటిని మామూలు బియ్యంలో సాధారణంగా వందకు ఒకటి చొప్పున కలపడం. ఇందులో పోషకం గింజ లోపల చిక్కుకుని ఉంటుంది కనుక మామూలు కడుగుకు పెద్దగా పోదు.

ఈ మూడో రకం విషయంలో నష్టం నీళ్ల వల్ల కాక వేళ్ల వల్ల జరుగుతుంది. ఆ గింజలు కాస్త పసుపుగానో, మసకగానో, మిగతావాటికంటే నున్నగానో ఉంటాయి. కడిగేటప్పుడు కొన్ని పైకి తేలినా తేలవచ్చు. వాటిని చూసి కల్తీ అనో, ప్లాస్టిక్ బియ్యమనో అనుకుని ఏరి పారేసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఒక తల్లి తన బిడ్డ కోసం శ్రద్ధగా ఏరి చెత్తలో వేసిన ఆ నాలుగు గింజలలోనే ఆ పూట బిడ్డకు అందవలసిన ఇనుము ఉందని తెలిసినప్పుడు నాకు మనసు చివుక్కుమంటుంది. అనుమానం వస్తే సంచి మీద "బలవర్ధక" లేదా "ఫోర్టిఫైడ్" అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే ఆ గింజలను ఏరవద్దు, తేలినవాటిని కడుగుతో పాటు ఒంపేయవద్దు.

కడుగు గురించి ఇంత ఆలోచించేవారు చాలామంది గంజి గురించి ఆలోచించరు. నిజానికి అత్తెసరు పెట్టిన అన్నానికీ, గంజి వార్చిన అన్నానికీ ఉన్న తేడా, రెండుసార్లు కడగడానికీ నాలుగుసార్లు కడగడానికీ ఉన్న తేడా కన్నా పెద్దది. బియ్యం మరిగే నీటిలో పది పదిహేను నిమిషాలు ఉడికినప్పుడు, పైపొరలోవే కాక లోపలివి కూడా కరిగి ఆ నీటిలోకి వస్తాయి. పైన చెప్పిన అమెరికా పరీక్షలోనే, బియ్యానికి ఆరు నుంచి పది రెట్లు నీళ్లు పోసి ఉడికించి వార్చినప్పుడు, చేర్చిన విటమిన్లు, ఇనుము 50 నుంచి 70 శాతం తగ్గాయి. కొలత ప్రకారం నీళ్లు పోసి, ఆ నీరంతా అన్నంలోనే ఇగిరిపోయేటట్టు వండితే కరిగినది మళ్లీ అన్నంలోనే ఉంటుంది. వేడికి చెడేది మాత్రమే పోతుంది. వార్చక తప్పకపోతే ఆ గంజిని పారబోయకుండా పులుసులోనో, పప్పులోనో వాడుకోవచ్చు.

ఇంతవరకు చెప్పినదంతా తక్కువ నీళ్లు వాడమనే దిశగా ఉంది. దీనికి ఎదురు లాగే విషయం ఒకటుంది, అది ఆర్సెనిక్ అనే విషపదార్థం. వరి నీరు నిలిచిన మడిలో పెరుగుతుంది. గాలి అందని ఆ బురదలో మట్టిలోని ఆర్సెనిక్ కరిగే రూపంలోకి మారుతుంది, వరి వేళ్లు సిలికాను పీల్చుకునే దారినే దాన్ని కూడా పీల్చుకుంటాయి. అందుకే మిగతా ధాన్యాల కంటే బియ్యంలో ఇది ఎక్కువ. కడిగితే ఆర్సెనిక్ పోతుందన్న నమ్మకంతో చాలామంది ఎక్కువసార్లు కడుగుతున్నారు గాని, గింజ లోపల ఉన్నదాన్ని పైకడుగు పెద్దగా కదిలించదు. కదిలించేది ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చడమే: అదే అమెరికా పరీక్షలో నిరింద్రియ ఆర్సెనిక్ (ఎక్కువ హాని చేసే రూపం) పొడుగు గింజ తెల్లబియ్యంలో 40 శాతం, ఉప్పుడు బియ్యంలో 60 శాతం, ముడిబియ్యంలో 50 శాతం తగ్గింది. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో మధ్యేమార్గం ఒకటి చూపించారు. ముందుగా మరిగించిన నీటిలో బియ్యాన్ని అయిదు నిమిషాలు ఉడికించి, ఆ నీటిని వార్చేసి, తాజా నీళ్లు కొలతగా పోసి సన్నని సెగమీద ఇగిరేదాకా వండాలి. ఈ పద్ధతిలో ముడిబియ్యంలోని ఆర్సెనిక్ సగానికి పైగా, తెల్లబియ్యంలో దాదాపు నాలుగింట మూడు వంతులు తగ్గింది. అయితే ఇదంతా వంట నీరు శుభ్రంగా ఉన్నచోట. భూగర్భజలంలోనే ఆర్సెనిక్ ఎక్కువగా ఉంటే, ఆ నీటిలో ఉడికిన అన్నానికి అది ఇంకా పడుతుంది.

కాబట్టి ఎవరికి ఏది ముఖ్యమో చూసుకోవాలి. పూటపూటా అన్నమే తినేవారు, చంటిపిల్లలకు రోజూ బియ్యంతోనే ఆహారం చేసిపెట్టేవారు ఆర్సెనిక్ గురించి ఆలోచించడం సమంజసం. పిల్లలకు బియ్యంతో పాటు వేరే ధాన్యాలు కూడా మార్చి మార్చి పెట్టడం వంటగదిలో చేయగల ఏ ఉపాయం కన్నా బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం.

సంచి మీద "కడగవద్దు" అన్న సూచన లేని బియ్యాన్ని కడగకుండా వండటాన్ని మాత్రం నేను సమర్థించలేను. విడి బియ్యంలో మట్టి, ఇసుక, పురుగుల అవశేషాలు ఉండవచ్చు. నిల్వలో పురుగు పట్టకుండా ఏదైనా పొడి కలిపి ఉంటే అది కడుపులోకి పోకూడదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన పరిశోధనలో, కడగడం వల్ల బియ్యంలోని సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు 20 నుంచి 40 శాతం తగ్గినట్టు తేలింది. సూక్ష్మజీవుల కోసం కడుగుతున్నామనుకుంటే మాత్రం అది పొరపాటు. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు కడిగినా పోవు, ఉడికించినా చావవు. మిగిలిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచకుండా త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడమే దానికి మందు.

నానబెట్టే అలవాటు ఉంటే ఒక చిన్న సవరణ చేసుకోండి. ముందు కడిగి, ఆ నీళ్లు ఒంపేసి, తర్వాత వంటకు కొలిచిన నీళ్లలోనే బియ్యాన్ని నానబెట్టి, ఆ నీళ్లతోనే వండండి. నానిన నీటిలోకి దిగిన విటమిన్లు అన్నంతోనే ఉంటాయి.

మీ ఇంట్లో వాడేది ఏ రకమో మీరు రాయలేదు. సంచి మీద "కడగవద్దు" అని ఉంటే మీరు చేస్తున్నదే సరైనది. అందులో చెత్త లేదని చూసుకుని నేరుగా ఎసట్లో పోయండి. అలాంటి సూచన లేని మామూలు తెల్లబియ్యమైతే మళ్లీ కడగడం మొదలుపెట్టండి. గింజలు మునిగేటన్ని నీళ్లు పోసి, వేళ్లతో రెండు మూడు చుట్లు మెల్లగా తిప్పి వెంటనే ఒంపేయండి. ఇలా రెండుసార్లు చాలు. అరచేతుల మధ్య పిసికి రుద్దవద్దు, కుళాయి కింద వదిలేయవద్దు. రెండో కడుగు తర్వాత కూడా నీళ్లు కాస్త మసకగానే ఉంటాయి, మీ అత్తగారికి అది మురికిగా అనిపించవచ్చు. ఆ నీళ్లలో ఒక్క చుక్క అయోడిన్ వేసి చూపించండి. నీలంగా మారుతుంది; అది బియ్యపు పిండి అని ఆవిడే చూస్తారు.